ఆమె చూసింది తెలుపే

మా వియ్యపురాలు పోయిందన్న కబురు ఆదివారం ఉదయం ఆరూ పదికి వచ్చింది. మా అల్లుడు అమ్ఘరాలోని ఇనుప సామాన్ల యార్డుకి బయల్దేరుతున్నాడు. ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఫోన్ చేసింది అతని తల్లి పనిచేసే ఇంటి యజమానురాలు. పనివాళ్ళు ఆవిడను మామా అంటారు. ఆవిడ అరబ్బీలో చాలాసేపు చెప్పింది. అతను "ఐవా, ఐవా" అని ఊ కొడుతూ విన్నాడు. ఫోన్ పెట్టేసి, చేతిలోని బూటు కింద పెట్టి, "ఖలాస్ అంటాండాది అత్తమ్మా" అన్నాడు. అయిపోయింది అని ఆ మాటకు అర్థం. ఇక్కడ గ్యాస్ బండ అయిపోయినా ఆ మాటే, మనిషి పోయినా ఆ మాటే.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు కువైట్‌లో, ఒకే ఇంట్లో గడిచాయి. తెల్లవారుజామున పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగకముందే కూలబడిందట. పాలు మాడిన వాసనకి ఇంట్లోవాళ్ళు లేచారట.

పోయినవారి గురించి రాసేటప్పుడు మంచి మాటలు నాలుగు రాసి ముగించడం మర్యాద. నేను ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళు సైన్సు చెప్పాను. తప్పు పక్కన ఎర్రగీత పెట్టడం నా ఉద్యోగం. ఈ వ్యాసంలో ఆ గీత ఎక్కువసార్లు నా పక్కనే పడుతుంది. అందుకు చదివేవారు సిద్ధపడాలి.

మాది కోనసీమ. ఆమెది రాజంపేట దగ్గర నేతగాళ్ళ ఊరు. మా అమ్మాయి ఆమె కొడుకుని చేసుకుంటానన్నప్పుడు నేను అన్న మాట "పనిమనిషి కొడుకునా?" అని. ఆ మాట ఎవరు మోశారో గాని ఆమెకు చేరింది. మాట్లాడుకోవడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "మీరు అనింది నిజమే వదినా, నేను పనిమనిషినే. వాడు మాత్రం ఒక్క పనీ నేర్చుకోలా. అదే నా బాధ" అంది. మా అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి నేను ఆమెను "వదినగారూ", "మీరు" అనే పిలిచాను. ఆ "గారు"లో గౌరవం ఎంత, దూరం ఎంత అన్నది మా ఇద్దరికీ తెలుసు.

ఆమెకు సెలవు శుక్రవారం ఒక్కటే. అదీ పదకొండు నుంచి ఆరు దాకా. జాబ్రియాలో బస్సెక్కి, అబ్బాసియాలో దిగి, మా నాలుగో అంతస్తుకి చేరేసరికి పన్నెండయ్యేది. సోఫాలో కూర్చోమంటే, "ఆరు దినాలు వాటిని తుడిచేదే గదా వదినా, ఏడోనాడు గూడా వాటి మొగం చూడాల్నా" అని నేల మీద కూర్చునేది. పది నిమిషాల్లో వంటింట్లో ఉండేది. రాగి సంకటి కెలికేది, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరేది. భోజనాలయ్యాక చెయ్యి తల కింద పెట్టుకుని చాప మీద పదిహేను నిమిషాలు నిద్రపోయేది. నేను గడియారం పెట్టి చూశాను. పదిహేనే. ఎవరూ లేపకుండా ఎలా లేస్తారని అడిగితే, "ఇల్లు వాళ్ళది, నిద్ర మనది. మనదానికి మనమే కాపలా ఉండాల" అంది.

మా మనవరాలు నన్ను అమ్మమ్మా అనీ, ఆమెను జేజీ అనీ పిలుస్తుంది. దానికి ఎక్కాలు నేర్పింది నేను. తెలుగు రాయించింది నేను. జేజి దానికి జడ వేసేది, కథలు చెప్పేది. కథల్లో తప్పులుంటే నేను మధ్యలో సరిచేసేదాన్ని. "నక్క పగటిపూట వేటాడదండీ వదినగారూ" అనేదాన్ని. "మా నక్కకు రాత్రిపూట డ్యూటీ ల్యా వదినా" అనేది ఆమె. పిల్ల పడీపడీ నవ్వేది.

మూడేళ్ళ కిందట శీతాకాలం సెలవుల్లో మామా కుటుంబం నార్వే వెళ్ళింది. మామా కూతురికి ఐదు నెలల పాప. ఆ పాప కోసం మా వియ్యపురాలిని కూడా తీసుకెళ్ళారు. ఇది ఇక్కడ మామూలే. వాళ్ళు లండన్ వెళ్ళినా, ఇస్తాంబుల్ వెళ్ళినా పనిమనిషి వెంట ఉంటుంది. తిరిగొచ్చాక ఏం చూశావని అడిగితే ఆ ఆడవాళ్ళలో చాలామంది హోటల్ గది, లిఫ్టు, పాలసీసా అని చెబుతారు. ఈమె మాత్రం మరొకటి చూసి వచ్చింది.

తిరిగొచ్చిన మొదటి శుక్రవారం మా ఇంట్లో భోజనానికి ఆమె కాక ఎనిమిది మందిమి ఉన్నాం. మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, ఎదురు ఫ్లాటు దంపతులు, మహబూలాలో ఉండే ఆమె ఊరి ఆడవాళ్ళిద్దరు, నేను. ఈ లెక్క తర్వాత అవసరం పడుతుంది కాబట్టి చెబుతున్నాను.

"ఏం చూసినావ్ పిన్నమ్మా, మంచేనా?" అని మహబూలా వాళ్ళలో ఒకామె అడిగింది.

"మంచు సరేలే. ఆకాశం చూసినా. మామా వాళ్ళు అందరూ బయటికి పోయినారు. నేను పాపను కోటులో పెట్టుకోని వాళ్ళెనకాల నిలబడినా. మన ఊర్లో తెల్లారేపొద్దు వీధి పొడుగునా పడుగు పరిచి, గంజి పెట్టి కుంచెతో దువ్వుతారు చూడు. గాలికి పోగులన్నీ ఒకదానెనక ఒకటి కదులుతాయి గదా. అట్ల ఉన్నింది. ఈ కొస నుంచి ఆ కొసకు. సద్దు లేదు. నేసేవాడు లేడు, పడుగు మాత్రం కదుల్తా ఉంది."

అందరూ తినడం ఆపారు. నేనూ ఆపాను. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ధ్రువకాంతుల పాఠం నేను ఇరవై ఎనిమిది సార్లు చెప్పాను. ల్యాబ్ గోడకి వాటి బొమ్మ నా చేత్తో అంటించాను. రిటైరయ్యాక చూపిస్తానని మా వారు అనేవారు. రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందే ఆయన పోయారు. ఎండాకాలం యాభై డిగ్రీలు కాసే ఈ ఊళ్ళో కూర్చుని, నేను చూడని ఆ వెలుగు గురించి తరగతి తర్వాత తరగతికి పాఠం చెప్పాను. ఇప్పుడు దాన్ని, నాలుగో క్లాసు దాటని మనిషి, నా ఇంట్లో, నేల మీద కూర్చుని, నేను ఏనాడూ చెప్పలేనంత బాగా చెబుతోంది.

"ఏ రంగులో ఉందండీ?" అని అడిగాను.

"తెల్లగా వదినా. రవ్వంత బూడిద కలిసిన తెలుపు."

"ఆకుపచ్చగా ఉంటుంది."

"వాళ్ళ ఫోన్లలో పచ్చగానే పడినాది. కంటికి తెలుపే."

"ఆక్సిజన్ వల్ల ఆకుపచ్చ వస్తుంది వదినగారూ. అది మీ కంటిని బట్టీ నా కంటిని బట్టీ మారదు. అబద్ధం చెప్పే అవసరం కెమెరాకి లేదు కదా. మీరు చూసింది ఏ మబ్బో, పొగో అయి ఉంటుంది."

కెమెరాకి లేదు అన్నానంటే, ఎవరికి ఉందన్నానో అందరికీ తెలిసింది. ఎదురు ఫ్లాటాయన కంచంలోకి చూశాడు. మహబూలా ఆమె నవ్వేస్తూ, "మా పిన్నమ్మ అంత దూరం పోయి వంటింటి పొగ చూసొచ్చినాదే" అంది. అందరూ నవ్వారు. మా వియ్యపురాలు కూడా కొంచెం నవ్వింది. "పోనీలే, చదువుకున్నోళ్ళు మీరు" అని లేచి, అన్నం గిన్నె తేవడానికి వెళ్ళింది. గిన్నెలో అప్పటికి అన్నం చాలానే ఉంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళు ఒక హాలు తీసుకుని కార్యక్రమం పెట్టుకుంటారు. పిల్లలు వేదిక మీద మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. ఆ ఏడాది విషయం "మా ఇంటివాళ్ళు చూసిన వింత". మా మనవరాలు జేజి చూసిన ఆకాశాన్ని ఎంచుకుంది. రెండు శుక్రవారాలు ఇద్దరూ బాల్కనీలో కూర్చుని రాసుకున్నారు. ఒకరు చెప్పడం, ఒకరు రాయడం. ఎంత దీక్షగా కూర్చున్నారంటే, ఆమె తన పదిహేను నిమిషాల నిద్ర కూడా మానేసింది.

కాగితం దిద్దడానికి నా దగ్గరకే రావాలి కదా. "తెల్లగా" అన్న చోటల్లా గీత కొట్టి "ఆకుపచ్చగా" అని రాశాను. నాలుగు చోట్ల.

"కాదు అమ్మమ్మా, జేజి తెలుపు అంది" అంది పిల్ల.

"అక్కడ సైన్సు తెలిసినవాళ్ళు ఉంటారు. నవ్వుతారు."

"మరి జేజి చూసింది కదా."

"చూడడం వేరు, తెలియడం వేరు."

పిల్ల ఆకుపచ్చ అని చెప్పనంది. మొండికేసింది. అలాగైతే ఈ విషయమే వద్దని, వేరేది నేనే రాసిచ్చాను. వెనకటి రోజుల్లో ఇక్కడి సముద్రంలో ముత్యాల కోసం మునిగేవాళ్ళ గురించి. "మరి జేజికి?" అని అడిగింది. నేను చెబుతాలే అన్నాను. చెప్పలేదు. మరిచిపోయి కాదు.

కార్యక్రమం రోజు మా వియ్యపురాలు ఎనిమిది దాకా సెలవు అడుక్కుని వచ్చింది. కొడుకు పెళ్ళిలో కట్టిన చీర కట్టింది. మూడో వరసలో, కుర్చీలో కూర్చుంది. పిల్ల పేరు పిలవగానే, పక్కనున్న ఎవరో తెలియని ఆమెతో "నా మనవరాలు. నా మాటే చెప్తాది ఇప్పుడు" అంది. నేను వెనక వరసలో ఉన్నాను, విన్నాను. పిల్ల ముత్యాల గురించి మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా మూడో వరస వైపు చూడలేదు. ఆమె చివరిదాకా కదలకుండా విని, అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. తర్వాత మెట్ల దగ్గర నా పక్కకి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"ముత్యాలన్నా తెల్లగానే ఉంటాయా వదినా?"

 జవాబు కోసం ఆమె ఆగలేదు. ఆ తర్వాత మూడేళ్ళలో ఆ ఆకాశం మాట మా ఇంట్లో ఆమె నోట రాలేదు. రావడం, వండడం, నిద్రపోవడం, వెళ్ళడం అన్నీ మామూలే. మహబూలా ఆడవాళ్ళు "పొగ చూసొచ్చిన పిన్నమ్మ" అని ఆటపట్టించినప్పుడు మాత్రం చేతిలో ఏ పని ఉంటే ఆ పని కొంచెం తొందరగా చేసేది.

ఈ మధ్య మనవరాలు పదో తరగతికి వచ్చింది. ఒక మంగళవారం దానికి కంటి పాఠం చెబుతున్నాను. కంటి వెనక తెరలో రెండు రకాల కణాలుంటాయి. శంకు కణాలు రంగుల్ని గుర్తిస్తాయి, కానీ వాటికి వెలుతురు కావాలి. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. వాటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి గాని రంగు తెలియదు. ఈ వాక్యం నేను ఎన్ని వందల సార్లు చెప్పానో. ఆ రోజు సగంలో ఆగిపోయాను.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఏం లేదు. రాసుకో."

రెండు రోజులు కూర్చుని చదివి సరిచూసుకున్నాను. ఆ కాంతి బలంగా ఉన్న రాత్రి ఆకుపచ్చ కంటికీ కనిపిస్తుంది. పలచగా ఉన్న రాత్రి కంటికి కనిపించేది తెలుపే, బూడిద కలిసిన తెలుపు. కెమెరా కొన్ని క్షణాలు కన్ను తెరిచి వెలుగుని పోగుచేసుకుంటుంది కాబట్టి దానికి రంగు చిక్కుతుంది. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. ఫోన్లో పచ్చ, కంటికి తెలుపు. అంత కచ్చితంగా చూసి, అంత కచ్చితంగా చెప్పిన విద్యార్థి నా ఇరవై ఎనిమిదేళ్ళలో లేరు. రెండు పాఠాలూ నావే. వాటిని పక్కపక్కన పెట్టి చూడడం మాత్రం నాకు మూడేళ్ళు చేతకాలేదు. చేతకాకపోవడం కాదు, ఇష్టం లేకపోయింది.

ఇక మాట వెనక్కి తీసుకోవాలి. నా పద్ధతి ఒకటుంది. క్లాసులో ఒక పిల్లవాడిని అందరి ముందూ తప్పన్నానంటే, అది ఒప్పని తేలితే, అందరి ముందే చెప్పాలి. ఈ మాట ఎనిమిది మంది ఉన్నప్పుడు అన్నాను. కాబట్టి ఆ ఎనిమిది మందీ ఉన్నప్పుడే వెనక్కి తీసుకోవాలి. చూడడానికి ఎంతో నిజాయితీగా ఉంది కదా. ఆ వారం మహబూలా వాళ్ళిద్దరూ రాలేదు. వచ్చే వారం చూద్దామనుకున్నాను.

వచ్చే శుక్రవారం వచ్చింది. ఎదురు ఫ్లాటు దంపతుల్ని కావాలని పిలిచాను. మహబూలా నుంచి ఒకామే వచ్చింది. రెండో ఆమెకు ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఇఖామా, అయిపోయి, అంతకు రెండు రోజుల ముందే దేశానికి వెళ్ళిపోయిందట. ఏడుగురం. ఒకరు తక్కువ. భోజనమంతా ఆ ఒకరు తక్కువ అన్న సంగతిని పట్టుకుని కూర్చున్నాను. మా వియ్యపురాలు సంకటి ముద్దలు వడ్డిస్తూ, "ఏంది వదినా, ఈ దినం మీకు ముద్ద దిగలా" అంది. ఉప్పు ఎక్కువైందన్నాను. ఉప్పు సరిపోయింది.

ఐదింటికి ఆమె వెళ్ళడానికి లేచింది. ఎదురు ఫ్లాటువాళ్ళూ మహబూలా ఆమే అప్పటికే వెళ్ళిపోయారు. అమ్మాయీ అల్లుడూ లోపలి గదిలో ఉన్నారు. మనవరాలు ఆమెను కిందదాకా దింపడానికి తయారైంది. గదిలో మేం ముగ్గురమే.

"వదినగారూ, మీతో ఒక మాట" అన్నాను.

"చెప్పండి వదినా." సంచి కింద పెట్టింది.

నేను చెప్పవలసింది ఐదు మాటలు. మీరు చెప్పిందే నిజం, నన్ను క్షమించండి. చదువుకున్న నోరు కాబట్టి దానికి వేరే మాటలు వెంటనే దొరికాయి.

"పెరుగు మిగిలింది. డబ్బాలో పెట్టి ఇవ్వనా?"

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "వద్దులే వదినా, ఆడ శానా ఉంది" అని సంచి తీసుకుంది. నేను పెరుగు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆమెను అదే ఆఖరుసారి చూడడం. మూడోనాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

కబురు వచ్చిన సాయంత్రం మామా మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి మా మెట్లెక్కింది. సోఫాలో కూర్చుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఏ మొహం పెట్టుకుని కోపం తెచ్చుకోను? మా వియ్యపురాలు ఆ మంచులో నిలబడి తెలుపు అన్నప్పుడు వాళ్ళు కూడా నవ్వారేమోనని, వెంట వచ్చిన ఆవిడ కూతుర్ని ఇంగ్లీషులో అడిగాను. ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. మొదట నవ్వారట. వెంట ఉన్న గైడు, "మీరంతా ఫోన్లు చూస్తున్నారు, ఆకాశం చూసింది ఈమె ఒక్కతే" అన్నాడట. తర్వాత వాళ్ళు కూడా ఫోన్లు జేబుల్లో పెట్టుకుని చూశారట. అంటే ఊరు కాని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియనివాడు ఆమెను నమ్మాడు. ఆ మాట సాక్ష్యంగా తెచ్చి నా ముందు పెట్టి ఉండవచ్చు. ఆమె పెట్టలేదు.

కాగితాలు పూర్తవడానికి ఐదు రోజులు పట్టింది. గురువారం మా అల్లుడు తల్లిని తీసుకుని విమానమెక్కాడు. మా అమ్మాయి వెంట వెళ్ళింది. ఇంట్లో నేనూ మనవరాలూ మిగిలాం. మర్నాడు శుక్రవారం. పన్నెండయింది. ఇద్దరం ఏమీ వండుకోలేదు. ఎనిమిది మంది లేరు, ఏడుగురు లేరు, వినవలసిన మనిషే లేదు. అయినా పిల్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను.

"జేజి చెప్పింది నిజం. ఆ రాత్రి అది తెలుపే. నేనే తప్పు."

"తెలుసు అమ్మమ్మా."

"పాఠంలో చూశావా?"

"పాఠం ఎందుకు? జేజి చెప్పింది. అప్పుడే నమ్మాను."

"మరి ఈ మూడేళ్ళూ నాతో ఎందుకు అనలేదు?"

"జేజి వద్దంది. 'మీ అమ్మమ్మ దాన్ని చూడాలని శానా ఆశపడినాది, చూడలేకపాయ. చూసినోళ్ళం మనమే ఓర్చుకోవాల' అంది."

నేను ఎవరితోనూ అనని ఆశ అది. మా వారితో తప్ప.

పిల్లే మళ్ళీ అంది. "పోయిన శుక్రవారం నువ్వు చెప్పబోయావు కదా. జేజికి తెలుసు. నువ్వు పెరుగు తీసుకుని లోపలికి వెళ్ళాక మేం బయటికి వచ్చాం. లిఫ్ట్ వచ్చింది. నేను తలుపు పట్టుకున్నా. జేజి ఎక్కలేదు. బస్ వెళ్ళిపోతుంది అన్నాను. 'పోనీ పాపా, ఇంకోటి వస్తాది. మీ అమ్మమ్మకు ఏందో నోటికాడికొచ్చి నిలబడిపోయినాది. రవ్వంతసేపు చూద్దాం' అంది."

"ఎంతసేపు?"

"లిఫ్ట్ కిందకి పోయి మళ్ళీ పైకి వచ్చేదాకా. రెండుసార్లు."

మా అంతస్తు నడవాలో లైటు పోయి చాలా రోజులైంది. ఆ చీకట్లో, చెప్పులు వేసుకుని, సంచి చేతికి తగిలించుకుని, ఆమె మా మూసిన తలుపు వైపు చూస్తూ నిలబడి ఉంది. ఇవతల నేను పెరుగు గిన్నెకి సరిపోయే మూత వెతుకుతున్నాను.